లైట్లు వేస్తే లివర్లు ఆగిపోయే ప్రొక్లెయిన్: వారం రోజుల పని డైరీ

సోమవారం

పొద్దున్న ఏడున్నరకి విజయవాడ ఆటోనగర్‌లో మా ఎలక్ట్రికల్ షెడ్డు ముందు ట్రాలీ ఆగింది. దాని మీద 20 టన్నుల ప్రొక్లెయిన్, మీటరు మీద 9,412 గంటలు. ప్రొక్లెయిన్ అన్నది నిజానికి ఒక ఫ్రాన్సు కంపెనీ పేరు, మన దగ్గర ఏ కంపెనీ బండినైనా అదే పేరుతో పిలుస్తాం కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. ఓనరు పెనమలూరు ఆయన. ఉన్నది ఈ ఒక్క బండే, ఫైనాన్సు కిస్తీలు ఇంకా పద్నాలుగు కట్టాలి. గన్నవరం వైపు ఒక లేఅవుట్‌లో పని, మూడు వారాలుగా సగం రోజు నడిస్తే సగం రోజు ఆగుతోంది.

కంప్లైంట్లు రెండు. ఒకటి, బండి వేడెక్కాక లోడు పడితే ఇంజిను కూర్చుంటోంది, నల్ల పొగ కక్కి ఆగిపోయేదాకా వస్తోంది, మళ్లీ కాసేపటికి ఏమీ ఎరగనట్టు మామూలుగా పని చేస్తుంది. రెండోది, ఉన్నట్టుండి లివర్లు ఏవీ పని చేయవు, బూమ్ (పెద్ద చెయ్యి) లేదు, స్వింగ్ (పైభాగం తిరగడం) లేదు, ట్రాక్ లేదు, ఇంజిను మాత్రం చక్కగా తిరుగుతూ ఉంటుంది.

ఇప్పటిదాకా దీని మీద ఏమేం చేశారో ఓనరు వరసగా చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఫిల్టర్లు మార్చారు. ఇంజెక్టర్లు విప్పి టెస్టు చేయించారు. మానిటర్‌లో పంపు ప్రపోర్షనల్ సోలినాయిడ్ సర్క్యూట్ అని కోడ్ చూపిస్తే ఆ సోలినాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో కదిలే వాల్వు, కొత్తది వేశారు. లైట్లు మసకగా ఉన్నాయని రెండు బ్యాటరీలూ కొత్తవి కొన్నారు. ఇన్ని చేసినా తగ్గకపోయేసరికి చివరికి ఒక చోట మెయిన్ పంపు పోయింది, విప్పి కిట్టు వేయాలి, రెండున్నర లక్షలవుతుంది అన్నారట. "అన్నా, పంపు విప్పమంటే అప్పు చేసైనా విప్పిస్తాను. విప్పాక కూడా ఇలాగే ఉంటే నా పరిస్థితి ఏంటి?" అని అడిగాడు. దానికి నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు. మూడు రోజులు టైమివ్వండి, అప్పటిదాకా ఒక్క బోల్టు కూడా విప్పొద్దు అన్నాను.

బండి దించాక ఆపరేటరుని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి అరగంట మాట్లాడించాను. శ్రీకాకుళం కుర్రాడు, రోజూ పది గంటలు ఆ సీట్లోనే ఉంటాడు, బండి గురించి అతనికి తెలిసినంత ఓనరుకీ తెలియదు, మనకీ తెలియదు. కానీ మెకానిక్కులు చాలామంది ఆపరేటరుని అడగరు, అది నాకెప్పుడూ బాధగానే ఉంటుంది. అతను చెప్పింది ఇది: పొద్దున్న పదింటిదాకా బండి బంగారంలా నడుస్తుంది, ఎండెక్కాక, ఆయిల్ వేడెక్కాక ఇంజిను కూర్చోవడం మొదలవుతుంది, అదీ గతుకుల్లో ట్రాక్ నడిపి వచ్చిన వెంటనే ఎక్కువ. లివర్లు ఆగిపోయేది మాత్రం సాయంత్రం ఆరు, ఆరున్నర దాటాకే. ఈ సాయంత్రం అన్న మాట కింద రెండు గీతలు గీశాను. పగలంతా ఎండలో నడిచి, చల్లబడే వేళకి ఆగిపోయే జబ్బు వేడి ఒక్కదాని వల్లే రాదు కదా.

ఇంకొక సంగతి అతను లేచి వెళ్తూ చెప్పాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా మునిగినప్పుడు ఈ బండి అక్కడే ఉంది, టర్న్‌టేబుల్ పైదాకా నీళ్లలో రెండు రోజులు నిలబడింది, తర్వాత నెల రోజులు బురద ఎత్తింది. అప్పుడు ఆయిళ్లన్నీ మార్చారట. వైరింగు ఎవరూ ముట్టుకోలేదట.

మంగళవారం

పని మొదలుపెట్టే ముందు మా హెల్పరుకి ప్రతిసారీ చెప్పేదే మళ్లీ చెప్పాను: బకెట్టు నేల మీద ఆనాలి, ఇంజిను ఆపాక కీ ఆన్‌లో పెట్టి లివర్లన్నీ అటూ ఇటూ కదిపి లైన్లలో మిగిలిన ప్రెషర్ వదిలేయాలి, సేఫ్టీ లివరు లాక్ చేయాలి, కీ తీసి జేబులో వేసుకోవాలి. బూమ్ గాల్లో ఉండగా దాని కింద తల పెట్టి వైరు వెతికే పని నా షెడ్డులో ఎవరూ చేయరు.

బ్యాటరీల దగ్గర మొదలుపెట్టాను. రెండు 12 వోల్టులవి సిరీస్‌లో, మొత్తం 24. ఇంజిను ఆపి ఉంటే 25.2, స్టార్ట్ చేస్తే ఛార్జింగు 27.8. ఆల్టర్నేటరు బాగుంది, పాత బ్యాటరీలు కూడా బహుశా బాగానే ఉండి ఉంటాయి.

తర్వాత పక్క వీధి నుంచి బాబాయ్‌ని పిలిచాను. హైడ్రాలిక్ పనిలో ముప్పై ఏళ్ల చెయ్యి, సొంత బాబాయ్ కాకపోయినా ఆటోనగర్‌లో మా వయసు వాళ్లందరికీ ఆయన బాబాయే. గేజీలు కట్టి చూశాడు. మెయిన్ రిలీఫ్ (ప్రెషర్ హద్దు దాటకుండా తెరుచుకునే వాల్వు) 345 బార్, పైలట్ 37 బార్. రెండు పంపులూ సమానంగా ఉన్నాయి, డ్రెయిన్ లైనులో వచ్చే ఆయిలు కూడా మామూలుగానే ఉంది. గేజీ విప్పుతూ "పంపులో ఏం లేదురా అబ్బాయ్, ఇది మీ కరెంటోళ్ల జబ్బే" అని తేల్చేశాడు. రెండున్నర లక్షల మాట అక్కడితో పక్కకి పోయింది, ఓనరుకి వెంటనే ఫోన్ చేసి చెప్పాను, ఆ రాత్రయినా నిద్రపోతాడని.

ఈ డైరీ చదివే కుర్రాళ్ల కోసం ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ లెక్క అర్థం కాకపోతే మిగతా రోజుల్లో నేను చేసింది ఏదీ అర్థం కాదు. ఆపరేటరు లివరు కదిపితే అది నేరుగా పెద్ద వాల్వుని కదపదు. చిన్న పైలట్ పంపు నుంచి 35, 40 బార్ ప్రెషర్ లివరు దగ్గరికి వస్తుంది, లివరు దాన్ని మెయిన్ వాల్వు స్పూలు (లోపల జరిగే కడ్డీ) మీదకి పంపుతుంది. ఆ పైలట్ లైనుకి మధ్యలో తలుపులాంటిది సేఫ్టీ లివరు సోలినాయిడ్. దానికి కరెంటు ఉంటే తలుపు తెరిచి ఉంటుంది, కరెంటు పోతే మూసుకుంటుంది, అప్పుడు లివర్లన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. ఇది ఆన్ లేదా ఆఫ్, మధ్యలో ఏమీ లేదు.

మెయిన్ పంపు మీద ఉండే ప్రపోర్షనల్ సోలినాయిడ్ తీరు వేరు. దానికి కంట్రోలరు, అంటే బండిలోని కంప్యూటరు, కరెంటుని కొలిచి, అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ పంపుతుంది. ఇంజిను ఆర్‌పీఎమ్ పడిపోతోందని తెలిస్తే పంపు కొంచెం తగ్గమని చెబుతుంది. ఈ బండిలో కరెంటు పెరిగితే పంపు తగ్గుతుంది, కరెంటు తగ్గితే పంపు పెరుగుతుంది. అన్ని కంపెనీల్లో ఇలాగే ఉండదు, కొన్నిటిలో దీనికి తలకిందులుగా ఉంటుంది, మాన్యువల్ చూడకుండా ఈ మాట పట్టుకుని వేరే బండి మీద పని చేయొద్దు. మరి ఈ బండిలో ఆ వైరు తెగితే ఏమవుతుంది? కరెంటు సున్నా, పంపు పూర్తి బరువుతో ఇంజిను మీద కూర్చుంటుంది. ఇంజిను మోయలేక నల్ల పొగ కక్కుతుంది. చూసేవాళ్లకి అది ఇంజిను జబ్బులా కనిపిస్తుంది, లేదంటే పంపు జబ్బులా కనిపిస్తుంది. ఓనరు డబ్బులు మూడు వారాలుగా పోతున్నది ఆ రెండింటి మీదే.

బుధవారం

జబ్బు నా కళ్ల ముందు రావాలి, లేకపోతే ఏం కొలిచినా ఉపయోగం లేదు. బండి స్టార్ట్ చేసి, బకెట్టుని లోపలికి చివరిదాకా లాగి లివరు అలాగే పట్టుకుంటే సిలిండరు ఇంక కదలదు, రిలీఫ్ తెరుచుకుంటుంది, పంపు మీద నిండు లోడు పడుతుంది. మట్టి తవ్వకుండానే లోడు పెట్టడానికి ఇదే దారి, ఒక్కోసారి పది సెకన్లకి మించి పట్టకూడదు, ఆయిల్ ఊరికే మరిగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు లోడు లేకుండా 2,150 ఆర్‌పీఎమ్ ఉంటే రిలీఫ్ మీద 2,040. ఇది మంచి లెక్క. గంటన్నర నడిపాక, ఆయిల్ బాగా వేడెక్కాక అదే పరీక్షలో 1,480కి పడిపోయింది, షెడ్డంతా నల్ల పొగ. పొగ చూసి ఇంత సంతోషపడిన రోజు ఈ మధ్య లేదు.

కానీ మధ్యాహ్నం దాకా తప్పు దారిలో పోయాను. ఇంజిను స్పీడు సెన్సరు తప్పు చెబితే కూడా కంట్రోలరు పంపుని తగ్గించదు కదా అన్న ఆలోచనతో దాన్ని పట్టుకున్నాను. రెండు వైర్ల మ్యాగ్నెట్ పికప్ అది, కాయిల్ రెసిస్టెన్స్ బాగుంది, ఇంజిను తిరుగుతుంటే ఏసీ వోల్టేజీ స్పీడుతో పాటు నిదానంగా పెరుగుతోంది, లోడు పడి ఇంజిను దిగిపోతున్నప్పుడు కూడా ఎక్కడా తెగలేదు. ప్రెషర్ సెన్సర్లు కూడా చూశాను, 5 వోల్టుల సప్లై 4.98 ఉంది, ప్రెషర్ లేనప్పుడు సిగ్నలు 0.5 దగ్గర, లివరు కదిపితే పైకి. అన్నీ బాగున్నాయి. మూడు గంటలు పోయాయి, కానీ ఇక ఆ వైపు చూడనక్కర్లేదని తెలిసింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ 5 వోల్టుల వైర్ల మీద, కంట్రోలరు పిన్నుల మీద బల్బు టెస్ట్ ల్యాంప్ పెట్టకండి. బల్బు లాగే కరెంటుకి కంట్రోలరు లోపలి డ్రైవరు కాలిపోవచ్చు. సోలినాయిడ్, లైటు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి) లాంటి పెద్ద లైన్లకే బల్బు, కంట్రోలరు దగ్గర మీటరే. అలాగే బకెట్టుకి, బూమ్‌కి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ కటాఫ్ తీసి, కంట్రోలరు కప్లర్లు (వైర్లని కలిపే ప్లగ్గులు) ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్‌ని వెల్డింగ్ పెట్టే చోటికి దగ్గరలోనే బిగించాలి. ఇది చేయక పాడైన కంట్రోలర్లు మా షెడ్డుకి వస్తూనే ఉంటాయి, ఐదు నిమిషాల పని తప్పించుకున్నందుకు ఆ ఖర్చు చూస్తే మనసు ఒప్పదు.

సాయంత్రం అసలు దారి దొరికింది. చాలా బళ్లలో లాగే దీనిలోనూ సీటు వెనక పంపు ఎమర్జెన్సీ స్విచ్ ఉంది. దాన్ని వేస్తే కంట్రోలరుని పక్కన పెట్టి, బ్యాటరీ కరెంటు ఒక రెసిస్టర్ గుండా నేరుగా ప్రపోర్షనల్ సోలినాయిడ్‌కి వెళ్తుంది, సైట్లో కంట్రోలరు పోయినా బండిని ఎలాగోలా నడపడానికి పెట్టింది అది. దాన్ని వేసి రిలీఫ్ పరీక్ష పెట్టాను. జబ్బు కంట్రోలరులో ఉంటే ఇప్పుడు ఇంజిను కూర్చోకూడదు. కూర్చుంది! అంటే కంట్రోలరు నిర్దోషి. సోలినాయిడ్ ఎలాగూ కొత్తది, కాయిల్ చల్లగా 9.2 ఓమ్, వేడి మీద 11.2, రాగి వేడెక్కితే అంత పెరగడం మామూలే. ఇక మిగిలింది స్విచ్ నుంచి పంపు దాకా ఉన్న వైరు. మానిటర్ చూపించిన కోడ్ కూడా సోలినాయిడ్ సర్క్యూట్ అనే అంది, సోలినాయిడ్ అని అనలేదు. సర్క్యూట్ అంటే కాయిల్, కప్లర్లు, వైరు, ఎర్త్ అన్నీ కలిపి. కోడ్‌లో కనిపించిన పేరు ఉన్న పార్టు కొనేయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది.

గురువారం

వైరుకి కంటిన్యూటీ చూస్తే మీటరు బీప్ అంటోంది. ఇంతకు ముందు చూసినవాళ్లు ఇక్కడే ఆగిపోయి ఉంటారు. బీప్‌ని నమ్మకూడదు, చాలా మీటర్లు 30, 50 ఓమ్‌ల లోపు ఏది పెట్టినా బీప్ అంటాయి, పైగా మీటరు పంపేది చాలా తక్కువ కరెంటు, ఒక్క పోగు ఆనుకుని ఉన్నా దానికి చాలు. వైరు మంచిదో కాదో దాని గుండా పోవాల్సిన కరెంటు పోతున్నప్పుడు చూడాలి, అదీ బండి వేడి మీద, అదురుతూ ఉన్నప్పుడు.

పాత హార్నెస్ (వైర్ల కట్ట) నుంచి తీసి దాచిన మగ, ఆడ కప్లర్లతో ఒక మూర పొడవు జంపరు తయారు చేశాను, సోలినాయిడ్‌కీ హార్నెస్‌కీ మధ్యలో అది తగిలించి అందులో ఒక వైరు తెంచి మీటరుని ఆంపియర్ మోడ్‌లో సిరీస్‌లో పెట్టాను. బండి వైరింగులో సూది గుచ్చలేదు, ఎక్కడా తొక్క తీయలేదు. గుచ్చిన ప్రతి రంధ్రం వచ్చే వానాకాలానికి నీళ్లు పోయే దారి. ఎమర్జెన్సీ స్విచ్ వేస్తే కరెంటు కదలకుండా 0.47 ఆంపియర్ దగ్గర నిలబడుతోంది, కంట్రోలరు మీద అయితే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి వెతుకులాటకి ఎమర్జెన్సీ స్విచ్చే మేలు. మీటరులో మినిమమ్ పట్టి ఉంచే బటన్ నొక్కి హెల్పరు చేతికిచ్చాను, అంకె పడిపోతే అరవమన్నాను.

బండి గంటసేపు వేడెక్కించి, ఫ్యాను, బెల్టులకి దూరంగా నిలబడి, రెండడుగుల చెక్క కర్రతో హార్నెస్‌ని పంపు దగ్గర నుంచి జానెడు జానెడుగా నొక్కుకుంటూ పోయాను. పంపు దగ్గర ఏమీ లేదు. గొట్టాల మలుపు దగ్గర ఏమీ లేదు. ఇంజిను రూముకీ పంపు రూముకీ మధ్య రేకు మీదుగా హార్నెస్ దాటే చోట, క్లాంపు రబ్బరు ఊడిపోయి వట్టి ఇనుము మీద వైర్లు ఆని ఉన్నాయి. అక్కడ కర్ర ఆనించానో లేదో "అన్నా, సున్నా!" అని అరిచాడు. తీశాను, 0.47. ఆనించాను, సున్నా. నాలుగుసార్లు అలాగే చేశాక బండి ఆపించాను.

చల్లారాక టేపు విప్పితే పైకి వైరుకి ఏ దెబ్బా లేదు, తొక్క మీద గీత కూడా లేదు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని నెమ్మదిగా వంచుకుంటూ వచ్చాను. వైరంతా లోపల రాగి ఉన్న బిగువుతో వంగుతోంది, ఆ రేకు దాటే చోట మాత్రం తడిసిన నూలు దారంలా మెత్తగా ముడుచుకుపోయింది. తొక్క కోస్తే ఆకుపచ్చ చిలుము పొడిలా రాలింది. పదకొండు పోగుల్లో ఎనిమిది ఎప్పుడో తెగి నల్లబడిపోయాయి, మూడు మాత్రం కొనలు తాకుతూ ఉన్నాయి. చల్లగా, కదలకుండా ఉంటే ఆ మూడూ తాకుతాయి, మీటరు బీప్ అంటుంది. వేడికి తొక్క సాగి, ఇంజిను అదిరితే విడిపోతాయి. ఆపరేటరు గతుకుల్లో ట్రాక్ నడిపాక ఎక్కువ అన్నది సరిగ్గా ఇదే.

చిలుము అక్కడితో ఆగలేదు. వరద నీళ్లు ఎక్కడో కప్లరులో దూరి, దీపం వత్తి నూనె పీల్చినట్టు పోగుల మధ్య లోపలికి పాకాయి. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోతే ఒకవైపు జానెడు, ఇంకోవైపు మూరెడు పోయింది. దాని పక్కనే ఉన్న మరో రెండు వైర్లూ అదే దారిలో ఉన్నాయి, అవీ తీసేశాను.

అతుకు గురించి మా షెడ్డులోనే ఎప్పుడూ వాదన ఉంటుంది. టంకం పెడితే గట్టిగా ఉంటుందని పాత మేస్త్రీలు అంటారు, ఇంట్లో రేడియోకైతే నిజమే, కానీ అదిరే బండిలో టంకం పాకిన చోటు పుల్లలా బిరుసెక్కుతుంది, టంకం ఆగిన గీత దగ్గర వైరు మళ్లీ తెగుతుంది. నేను మంచి క్రింపింగ్ ప్లయరుతో స్లీవు నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేస్తాను. జిగురు రెండు కొనల నుంచి బయటికి ఉబికి వచ్చేదాకా వేడి చేస్తే నీళ్లకి దారి ఉండదు. అతుకులన్నీ ఒకే చోట రాకుండా ముందు వెనకలుగా వేశాను, కొత్త రబ్బరు క్లాంపు పెట్టాను, కప్లరుకి ముందు వైరుని కిందికి వేలాడేలా ఒక మలుపు తిప్పి కట్టాను, కారే నీళ్లు కప్లరులోకి పోకుండా అక్కడే కింద పడిపోతాయి.

రాత్రి ఎనిమిదింటికి వేడి మీద రిలీఫ్ పరీక్ష: 2,035. పది నిమిషాలకొకసారి చొప్పున ఆరుసార్లు చూశాను, ఒక్కసారి కూడా 2,000 దాటి కిందికి రాలేదు.

శుక్రవారం

ఓనరు పొద్దున్నే వచ్చి తీసుకెళ్లిపోతానన్నాడు. రెండో జబ్బు అలాగే ఉందండీ, సాయంత్రం దాకా ఆగండి అన్నాను. ఆయన కిస్తీ టెన్షన్ నాకు తెలుసు, అయినా సగం పని చేసి పంపితే మళ్లీ ట్రాలీ కిరాయి పడేది ఆయన మీదే.

సోమవారం రెండు గీతలు గీసిన మాట దగ్గరికి వచ్చాను. సాయంత్రం ఆరు దాటాక ఈ బండిలో మారేది ఏంటి? లైట్లు వేస్తారు. లైట్లకీ లివర్లకీ సంబంధం ఎక్కడ? ఫ్యూజులు వేరు, స్విచ్‌లు వేరు, ప్లస్ వైర్లు వేరు. కలిసేది ఒక్క చోటే, బాడీ ఎర్త్. క్యాబిన్ వెనక ఫ్రేము మీద ఒకే బోల్టు కింద ఐదు లగ్గులు (వైరు కొనకి వేసే రింగులు) ఒకదాని మీద ఒకటి బిగించి ఉన్నాయి: బూమ్ లైటు, క్యాబిన్ లైటు, సేఫ్టీ లివరు సోలినాయిడ్, స్వింగ్ బ్రేకు సోలినాయిడ్, హారను.

ఇక్కడ ఓమ్‌లలో కొలిస్తే లాభం లేదు. ఇంజిను నడుస్తుండగా మీటరుని డీసీ వోల్టులలో పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఆ బోల్టు పైన లగ్గు మీద పెట్టాను. ఎర్త్ బాగుంటే ఇక్కడ దాదాపు ఏమీ కనిపించకూడదు, 0.1, 0.2 దాటితే నేను ఒప్పుకోను. లైట్లు లేకుండా సోలినాయిడ్లు మాత్రం పని చేస్తుంటే 1.7 వోల్టులు. లైట్లు రెండూ వేయించాను, 7.9 వోల్టులు!

అంటే 27.8లో దాదాపు ఎనిమిది వోల్టులు ఒక తుప్పు పట్టిన బోల్టు మింగేస్తోంది. సోలినాయిడ్‌కి మిగిలేది 19.9. దాని కాయిల్ చల్లగా 40 ఓమ్‌లు, పగలంతా పనిచేసి కాలిపోతున్నప్పుడు 49. కరెంటు మామూలుగా 0.7 ఆంపియర్ ఉండాల్సింది 0.4కి దిగింది, స్ప్రింగుని పట్టి ఉంచే బలం అందులో లేదు, తలుపు మూసుకుంది. పగలు లైట్లుండవు కాబట్టి 26 వోల్టులు వస్తాయి, ఎంత వేడెక్కినా పట్టుకుంటుంది. రాత్రి లైట్లు మసకగా వెలిగిందీ ఇందుకే, ఆ మసకని చూసే కొత్త బ్యాటరీలు కొన్నారు.

బోల్టు విప్పితే అడుగు లగ్గు కింద ఎవరో ఎప్పుడో కొట్టిన పసుపు పెయింటు ఉంది, దాని మీద వరద తెచ్చిన తుప్పు పొరలు. గీసి, రాపిడి కాగితంతో ఫ్రేము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గులు క్రింప్ చేసి, పళ్ల వాషరు వేసి బిగించాక పైన గ్రీజు పూశాను. ముందు బిగింపు, తర్వాతే గ్రీజు. లైట్లని సోలినాయిడ్ల బోల్టు నుంచి తప్పించి వేరే బోల్టుకి మార్చాను, రెండింటికీ బ్యాటరీ మైనస్ నుంచి 10 స్క్వేర్ ఎం‌ఎం కేబుల్ విడిగా లాగాను. మళ్లీ అదే కొలత, లైట్లు వేసి: 0.05 వోల్టులు. హెల్పరు కుర్రాడు లైట్ల ముందు నిలబడి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, వాటిని అంత తెల్లగా చూడటం ఆపరేటరుకి కూడా కొత్తే.

శనివారం

పెద్ద విశేషం లేదు. కప్లర్లు ఒక్కొక్కటి విప్పి చిలుము కోసం చూశాను, మరో నాలుగింటిలో దొరికింది, పిన్నులు మార్చాను. రబ్బరు సీలు పోయిన రెండు కప్లర్లకి సరైన సీలు ఆటోనగర్ మొత్తం తిరిగినా దొరకలేదు, ఆర్డరు పెట్టాను. ఏ రంగు వైరు ఎక్కడి నుంచి ఎక్కడికో, ఏ అతుకు ఎక్కడుందో, మంచిగా ఉన్నప్పుడు ఏ కొలత ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి ఫ్యూజు బాక్సు మూత లోపల అతికించాను. రేపు ఈ బండి ఏ ఊళ్లో ఆగినా అక్కడి ఎలక్ట్రీషియను సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

సామానుకి 3,200 అయింది. పాత ప్రపోర్షనల్ వాల్వు పారేయలేదు కదా అని ఓనరుని అడిగితే డిక్కీలో ఉందన్నాడు. కాయిల్ కొలిచాను, 9.1 ఓమ్. మంచిది. నూనె గుడ్డలో చుట్టి స్పేరుగా ఉంచుకోమన్నాను.

బుధవారం

పని మీద గన్నవరం వైపు వెళ్తూ సాయంత్రం సైటు దగ్గర ఆగాను. మీటరు మీద 9,441 గంటలు. శనివారం రాత్రి నుంచి ఇంజిను ఒక్కసారి కూడా కూర్చోలేదని ఆపరేటరు చెప్పాడు, నేను అడగకముందే. ఆరున్నర దాటింది. అతను క్యాబిన్‌లోకి ఎక్కి రెండు లైట్లూ వేసి, నిండు బకెట్టుతో బూమ్ ఎత్తి టిప్పరు వైపు స్వింగ్ తిప్పాడు. నేను వెనక పక్క తలుపు తెరిచి ఆ బోల్టు మీద మీటరు పెట్టాను.

0.06. కప్లర్ల సీళ్లు వచ్చే వారం వస్తాయి, అవి వేసేదాకా నీళ్ల పైపుతో పంపు రూము కడగొద్దని అతనికి రెండుసార్లు చెప్పి వచ్చాను.